థీమ్ పార్కుకు పోతున్నారా? సద్ది సంగతి ముందే చూసుకోండి

బడులకు ఎండాకాలం సెలవులు ఇస్తే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి ఎక్కడైనా పిల్లలది ఒకటే పోరు: రామోజీ ఫిల్మ్ సిటీకి పోదాం, లేకపోతే వండర్‌లాకు పోదాం. పెద్దవాళ్ల టెన్షనంతా టికెట్ల మీద, బండి కిరాయి మీద ఉంటుంది. తిండి సంగతి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి గాని గుర్తుకురాదు. "ఇంత పులిహోర కలిపితే అయిపాయె" అంటుంది అత్తమ్మ. "ఎందుకమ్మా, అన్నీ లోపల దొరుకుతయ్" అంటాడు కొడుకు. ఇద్దరూ చెప్పేది సగం సగం నిజమే. 43, 44 డిగ్రీల ఎండలో తేడా వచ్చేది ఆ మిగతా సగంతోనే.

ముందు గేటు సంగతి. ఈ పార్కుల్లోకి బయటి తిండి రానివ్వరు. సంచులు చూసే పంపిస్తారు. పసిపిల్లల తిండికి, మందులకు మాత్రం అడ్డు చెప్పరు. అయినా టికెట్ బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడిగి పెట్టుకోవడం మంచిది. గేటు దగ్గర సద్ది సంచి ఆపితే ఏం చేస్తాం? తీసుకెళ్లి బండిలో పెడతాం, మధ్యాహ్నం వచ్చి తినొచ్చులే అనుకుంటాం. అది జరిగే పని కాదు. రామోజీలో టికెట్ల దగ్గర బండి ఆపాక లోపలికి వాళ్ల బస్సులోనే పోవాలి. పిల్లలను వెంటేసుకొని మళ్లీ పార్కింగ్ దాకా వచ్చి తిని పోవడం ఎవరి వల్లా కాదు. ఇక ఆ సంచి సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టిన కారులోనే ఉంటుంది. బయట 42 ఉంటే అద్దాలు మూసిన కారు లోపల ఎంత ఉడుకుతుందో స్టీరింగ్ మీద చెయ్యి పెట్టిన డ్రైవర్‌ను అడగండి.

అందుకే నేను చెప్పేది ఒకటే: మధ్యాహ్నానికి సద్ది కట్టొద్దు. పొద్దున తినేది ఇంటి నుంచి, మధ్యాహ్నం తినేది లోపల కొని, రాత్రి తినేది దారిలో వేడివేడిగా. లెక్క ఇలా పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

పొద్దున సద్ది ఎక్కడ తినాలో బయలుదేరకముందే అనుకోండి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా పోయేవాళ్లకు పంతంగి టోల్ దాటాక చౌటుప్పల్ దగ్గర ఆగడం వీలుగా ఉంటుంది. అక్కడి నుంచి రామోజీ ఎంతో దూరం లేదు. వండర్‌లాకైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రావిర్యాల ఎగ్జిట్‌లో దిగాలి. ఔటర్ మీద బండి ఆపి తినడం కుదరదు, చేయకూడదు కూడా. కాబట్టి ఔటర్ ఎక్కకముందే కానివ్వండి. పాలమూరు నుంచి వచ్చేవాళ్లు షాద్‌నగర్ చుట్టుపక్కల ఎక్కడన్నా ఆగొచ్చు. తుఫాన్ బండిలో పదిమంది కూర్చొని కదులుతుండగా ప్లేట్లు పట్టుకొని తినే అలవాటు మనకు బాగా ఉంది. అది మానాలి. కుదుపులకు ఒక పిల్ల కక్కితే వరుసగా అందరికీ కడుపులో తిప్పుతుంది. పల్లీలు, గుడాలు నములుతుంటే చిన్నవాళ్ల గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా ఇవ్వనే ఇవ్వొద్దు.

ఇక ఏం కట్టుకోవాలి? రాత్రే అన్నం వండి ఆరబెట్టి, పొద్దున పులిహోర కలిపే పద్ధతి చలికాలంలో నడుస్తుందేమో గాని మే నెలలో వద్దు. అన్నంలో బ్యాసిల్లస్ సీరియస్ అనే ఒక బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉందంటే అవి మేలుకొని విషం తయారు చేస్తాయి. ఆ అన్నాన్ని మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి, అంటే సరిగ్గా రైడ్ ఎక్కే వేళకు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అన్నం వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచి, ఫ్యాన్ కింద ఆరాక చింతపండు పులుసు కలపండి. పులుసు నూనె తేలేదాకా దగ్గరగా ఉడకాలి, నీళ్లగా ఉండొద్దు. ఉల్లిగడ్డ వేయొద్దు. వేడిగా ఉండగానే డబ్బాలో కుక్కి మూత పెడితే మూతకు చెమట పట్టి, ఆ నీళ్లే అన్నంలోకి కారతాయి. పాడవడం అక్కడి నుంచే మొదలు. ఆరాక సర్దిన పులిహోరను కూడా పదింటి లోపే తినేయండి. సాయంత్రానికి దాచొద్దు.

అన్నిటికంటే ముందు పాడయ్యేది చట్నీ. పచ్చి కొబ్బరి చట్నీ డబ్బా ఎండలో రెండు మూడు గంటలుంటే మూత పైకి ఉబ్బుతుంది. తీస్తే టప్పున చప్పుడు వస్తుంది, అంచుల్లో చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి, వాసన కొంచెం కల్లులా కొడుతుంది. "పోపు మళ్లీ పెడితే సరిపోతుంది" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వినకండి, పారబోయండి. చట్నీ బదులు పల్లీల పొడి, కారప్పొడి తీసుకోండి. ఆలుగడ్డ కూర, ఉడకబెట్టిన గుడ్లు, చికెన్ ఫ్రై కూడా ఈ దారికి పనికిరావు.

మనోళ్ల వంటల్లో ఎండకు తట్టుకునేవి చాలానే ఉన్నాయి. నూనెలో బాగా ఎర్రగా కాలిన సర్వపిండి, మురుకులు, సకినాలు, పల్లిపట్టీ, తడి లేకుండా కాల్చిన జొన్న రొట్టె. జొన్న రొట్టెను గట్టిగా కాల్చి ఎండబెడితే రోజుల తరబడి ఉంటుంది. తొక్కు నంజుకొని తింటే పెద్దవాళ్లకు కడుపు నిండినట్టుగానూ ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు తొక్కు కొంచెమే వేసుకోవాలి. ఈ ఎండు సరుకు సాయంత్రం వరకు బండిలో ఉన్నా ఫరవాలేదు. గేటు నుంచి బయటికి రాగానే పిల్లలకు చేతిలో పెట్టడానికి ఉంటుంది. చాక్లెట్లు మాత్రం బండిలో పెట్టకండి, సీటు కవర్లు కడుక్కోవాల్సి వస్తుంది.

లోపల మధ్యాహ్నం భోజనం. రామోజీలో భోజనంతో కలిపి ప్యాకేజీలు ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నవాళ్లు కలిపి వెళ్తే అవే నయం. అందరూ ఒంటిగంటకే ఎగబడతారు కాబట్టి పన్నెండింటికే కూర్చోండి, లేదా రెండున్నర దాటాక. పన్నెండింటికి తినేవాళ్లకే నా ఓటు, ఎందుకంటే ఆ తర్వాత రెండు గంటలు ఎండ మాడుతుంది, నీడలో ఆడే షోలు చూస్తూ గడపొచ్చు. తిన్నాక కనీసం గంట దాకా తలకిందులు చేసే రైడ్లు వద్దు. కడుపు ఖాళీగా ఎక్కినా తిప్పుతుంది, కాబట్టి ఉపవాసం కూడా మందు కాదు. ఇక్కడ ఇంకొక మాట. శనివారం ఒక్కపొద్దు ఉండే వదినో, నాయనమ్మో ఉంటే ఆ రోజు ప్రోగ్రాం పెట్టకండి. ఎండలో తిరిగి, నీళ్లు కూడా సరిగా తాగక సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయే మనిషిని చూసుకోవడానికే అందరికీ సరిపోతుంది. ఆదివారం తోపులాట ఎక్కువ. మంగళ, బుధవారాలు హాయిగా ఉంటాయి.

షుగర్ ఉన్నవాళ్ల విషయం కొంచెం గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పొద్దున మందు వేసుకొని, మధ్యాహ్నం క్యూలో నిలబడి తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, చేతులు వణకడం, ఊరికే చిరాకు పడటం. "ఎండకు తాతకు కోపమొచ్చింది" అని నవ్వుకునే లోపు పరిస్థితి చేయి దాటుతుంది. గ్లూకోజ్ పొడో, చక్కెర పొట్లమో ఆయన జేబులోనే ఉండాలి, కోడలి హ్యాండ్‌బ్యాగులో కాదు. ఇన్సులిన్‌ను బండిలో వదలొద్దు. చల్లగా ఉండే పౌచ్‌లో వెంట తీసుకెళ్లండి. డాక్టర్ చీటీ ఫొటో ఫోన్‌లో ఉంటే గేటు దగ్గర వాదించే పని ఉండదు.

పసిపిల్లలు. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండైనా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. తల్లి మాత్రం మామూలు కంటే ఎక్కువ తాగాలి. డబ్బా పాలు తాగే బిడ్డకైతే పొడి వేరుగా, ఫ్లాస్కులో వేడినీళ్లు వేరుగా పట్టుకెళ్లి అప్పటికప్పుడు కలపండి. బిడ్డ నోరు పెట్టి వదిలేసిన పాలు గంట దాటితే పారబోయాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు.

నీటి ఆటల్లో పిల్లలకు దాహం తెలియదు. ఒళ్లంతా తడిగా ఉంటుంది కాబట్టి చెమట పోతున్నట్టే అనిపించదు. గంటకోసారి పిలిచి రెండు గుక్కలు తాగించండి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాల్లేదని లెక్క. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు సంచిలో పడేసుకోండి. పెద్ద పొట్లం, అంటే 20.5 గ్రాములది, సరిగ్గా లీటరు నీళ్లకు. అరలీటరు సీసాలో మొత్తం కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు కీడు. సగం పొట్లం వేసి మిగతాది మడతపెట్టి దాచే లెక్కలూ వద్దు, లీటరు సీసా పట్టుకెళ్లండి. కలిపినది 24 గంటల్లో అయిపోవాలి. రంగురంగుల డబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల మీద ఆ పేరు వేయొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన ఆదేశం అది. అందుకే కొనేముందు పొట్లం మీద ఆ పాళ్లు రాసి ఉన్నాయో లేదో చదవండి.

దారిలో తాటి ముంజలు కనిపిస్తే ఆగకుండా ఉండటం కష్టం, ఆగండి. కానీ కాయ మన ఎదురుగా కోసిచ్చేవే తీసుకోండి, పొద్దున కోసి కవర్లో కట్టిపెట్టినవి కాదు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐస్ వేసిన చెరుకు రసం వద్దంటే వద్దు.

రాత్రి తిరుగు ప్రయాణంలో జరిగే పొరపాట్లే ఎక్కువ. అలసిపోయి, ఆకలేసి, ఎక్కడ లైట్లు కనిపిస్తే అక్కడ ఆగుతాం. జనం ఉన్న హోటల్లో పెనం మీద నుంచి దిగిన దోసె, రొట్టె, వేడి ఇడ్లీ తినిపించండి. రాత్రి తొమ్మిదింటికి పిల్లలు షవర్మా, మయోనైజ్ అంటే ఊకొట్టకండి. 2024లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకరు చనిపోయి చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది. చల్లగా నిల్వ చేయని మయోనైజ్ ఏ ఏడాదైనా ఒకటే.

ఇంత చూసుకున్నా ఒకరికి వాంతులు పట్టుకోవచ్చు. చెంచా చెంచాగా ఓఆర్‌ఎస్ పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు సొంతంగా వేయొద్దు. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా, పిల్ల పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా ఇల్లు చేరాక చూద్దాం అనుకోవద్దు. చౌటుప్పల్ దగ్గర ఉన్నా, జడ్చర్ల దగ్గర ఉన్నా బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి. మధ్యాహ్నం నుంచి ఏమేం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో డాక్టర్‌కు చెప్పేలా ఒకరు గుర్తుపెట్టుకోండి.