ఆధార్ ఓటీపీతో ఈ-సంతకం చేసే విధానం

కాగితం మీద చేసిన సంతకాన్ని ఫొటో తీసి పీడీఎఫ్‌లో అతికించడం చాలామందికి అలవాటే గాని, సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రత్యేకంగా గుర్తింపునిచ్చిన ఎలక్ట్రానిక్ సంతకం అది కాదు. ఆ గుర్తింపు ఉన్న పద్ధతుల్లో సామాన్యులకు సులువైనది, 2015లో చట్టం రెండో షెడ్యూలులో చేరిన ఆధార్ ఈ-సైన్. దీనికి డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ గాని, యూఎస్‌బీ టోకెన్ గాని కొనుక్కోనక్కర్లేదు.

ఓటీపీ ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరుకే వస్తుంది కనుక ముందు అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. పేరు కూడా సరిచూసుకోవాలి. సంతకంలో ఆధార్‌లోని పేరే పడుతుంది. ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరొక దానిలో పూర్తిగా ఉండటం మనలో మామూలే కాబట్టి, ఒప్పందంలో పేరును ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోవడం మేలు.

ఈ-సైన్ సదుపాయమున్న వెబ్‌సైటులోకి పీడీఎఫ్‌ను ఎక్కించి, సంతకం పడాల్సిన పుటను, చోటును ఎంచుకుని, అంగీకారం తెలిపి, ఆధార్ సంఖ్యను, ఆపై ఓటీపీని నమోదు చేస్తే పని పూర్తవుతుంది. పత్రాన్ని ఆసాంతం చదవాల్సింది ఓటీపీ ఇవ్వడానికి ముందే. ఎవరైనా ఫోన్ చేసి ఆ ఓటీపీ చెప్పమంటే, సంతకం చేసిన ఖాళీ కాగితం అడుగుతున్నట్టే లెక్క.

తెర వెనుక జరిగేది ఆసక్తికరంగా ఉంటుంది. సీ-డాక్, ఈముద్ర వంటి ఈ-సైన్ సంస్థకు పత్రం మొత్తం చేరనక్కర్లేదు, దాని నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే సంకేతం చాలు. ఆ సంస్థ మీ పేరిట అప్పటికప్పుడు ఒక రహస్య కీని సృష్టించి, దానితో హ్యాష్‌పై సంతకం చేసి, వెంటనే ఆ కీని చెరిపేస్తుంది. ఆ సంతకం మీదేనని ధ్రువీకరిస్తూ అప్పుడే జారీ అయ్యే సర్టిఫికెట్ గడువు 30 నిమిషాలే అయినా కంగారు పడనవసరం లేదు, సంతకం చేసిన క్షణానికి అది చెల్లుబాటులో ఉంటే చాలు. పత్రంలో తర్వాత ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ సరిపోలదు.

సంతకం ఉన్నది ఫైలులోనే కనుక ఎదుటివారికి పంపాల్సింది ఆ పీడీఎఫ్‌నే తప్ప దాని ప్రింటును, స్క్రీన్‌షాట్‌ను కాదు. అడోబీ రీడర్‌లో ప్రశ్నార్థకం గుర్తు కనిపిస్తే సంతకం నకిలీదని అర్థం కాదు, ఇలాంటి సర్టిఫికెట్లన్నిటికీ ఆధారమైన భారత మూల సర్టిఫికెట్‌ను ఆ కంప్యూటరు ఇంకా నమ్మడం లేదని అర్థం. సంతకం వివరాలు తెరిచి, సర్టిఫికెట్ల వరుసలో అన్నిటికన్నా పైన సీసీఏ ఇండియా (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థలను నియంత్రించే ప్రభుత్వ అధికారి) పేరు ఉందని చూశాకే దానిని నమ్మదగిన వాటి జాబితాలో చేర్చండి.

ఈ-సంతకం స్టాంపు సుంకానికి ప్రత్యామ్నాయం కాదు. వీలునామాకైతే ఇది అసలే చెల్లదు, దానికి కాగితం, సిరా, ఇద్దరు సాక్షులు కావాల్సిందే.