యాప్ పాఠాలు – 3: వచ్చే నెలసరి తేదీ చెప్పే యాప్

కిందటి పాఠంలో బటన్ నొక్కితే లేబుల్ మారింది. యాప్ మూయగానే ఆ మార్పు కాస్తా పోయింది. ఈసారి యాప్‌కి జ్ఞాపకం ఇద్దాం. ఇలాంటివి బోలెడు దొరుకుతాయి కదా అనకండమ్మా. మీరు కట్టుకున్న యాప్ మీ తేదీని ఎక్కడికీ పంపదు. అది ఎవరో చెబితే నమ్మక్కర్లేదు, బ్లాకులు చూస్తే మీకే తెలుస్తుంది.

బ్లాకులు అతికించి యాప్ కట్టే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో కొత్త ప్రాజెక్టు తెరవండి. డేట్‌పికర్, టెక్స్ట్‌బాక్స్, లేబుల్ తెర మీదికి లాగండి. తేదీల లెక్కలు చేసే క్లాక్, యాప్ మూసినా విలువల్ని ఫోన్‌లోనే దాచిపెట్టే టైనీడీబీ కూడా లాగండి. ఇవి తెర మీద కనబడవు, దాని కింద చేరతాయి. టెక్స్ట్‌బాక్స్‌కి నంబర్స్ ఓన్లీ టిక్ పెట్టి, టెక్స్ట్ దగ్గర 28 వేయండి. ఒక నెలసరి మొదలైన రోజు నుంచి తర్వాతిది మొదలయ్యే దాకా పట్టే రోజులివి. ఈ 28ని బ్లాకుల్లో పాతేయకూడదు. పెద్దవాళ్లకి 21 నుంచి 35 రోజులు, కొత్తగా మొదలైన అమ్మాయిలకి 45 రోజుల దాకా మామూలే.

ఇక బ్లాకులు. డేట్‌పికర్ ఆఫ్టర్ డేట్ సెట్ లోపల టైనీడీబీ స్టోర్ వాల్యూ పెట్టండి. ట్యాగ్, అంటే దాచేదానికి పెట్టే పేరు, ‘మొదలు’: కిందటి నెలసరి మొదలైన తేదీ. విలువ దగ్గర డేట్‌పికర్ ఇన్‌స్టంట్‌ని క్లాక్ గెట్ మిల్లిస్‌లో పెట్టి తగిలించండి. తేదీ ఒక పెద్ద సంఖ్య అవుతుంది: 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లు. సంఖ్యయితే టైనీడీబీ ఇబ్బంది లేకుండా దాస్తుంది.

‘చూపించు’ అని ఒక ప్రొసీజర్ (పేరుతో పిలవగలిగే బ్లాకుల గుంపు) కట్టండి. గెట్ వాల్యూతో ‘మొదలు’ తీసి, మేక్ ఇన్‌స్టంట్ ఫ్రమ్ మిల్లిస్‌కి ఇచ్చి, యాడ్ డేస్‌తో టెక్స్ట్‌బాక్స్‌లోని రోజులు కలిపి, ఫార్మాట్ డేట్ చేసి లేబుల్‌లో వేయాలి. దీన్ని రెండు చోట్ల పిలవండి: స్టోర్ వాల్యూ కింద ఒకసారి, స్క్రీన్ ఇనిషియలైజ్‌లో ఒకసారి. రెండోది మరిచిపోతే తేదీ భద్రంగానే ఉంటుంది, యాప్ తెరిచినప్పుడు లేబుల్ మాత్రం పాత మాటే చూపిస్తుంది.

మొట్టమొదటిసారి తెరవగానే ఎర్రర్ వస్తుంది. తప్పు మీ తెలివిది కాదు. దాచింది ఇంకా ఏమీ లేదు కాబట్టి గెట్ వాల్యూ ఖాళీ మాట ఇస్తుంది, దాన్నుంచి తేదీ తయారవదు. వాల్యూ ఇఫ్ ట్యాగ్ నాట్ దేర్ దగ్గర 0 పెట్టి, విలువ 0 కాకపోతేనే లెక్క కట్టమని ఇఫ్ బ్లాకు చుట్టండి. తప్పులు వెతకడం మొదటి నుంచీ ఈ పనిలో భాగమే: 1946లో లోకానికి చూపించిన తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌కి ప్రోగ్రాములు అమర్చింది ఆరుగురు ఆడవాళ్లు. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబుల మధ్య తప్పు ఎక్కడుందో వెతకడమూ వాళ్ల పనిలో భాగమే.

మరో చిక్కు: కంపానియన్‌లో, అంటే కడుతున్న యాప్‌ని ఫోన్‌లో నడిపి చూపే యాప్‌లో, పరీక్షించేటప్పుడు మీ ప్రాజెక్టులన్నీ ఒకే టైనీడీబీని పంచుకుంటాయి. ఇంకో ప్రాజెక్టులోనూ ‘మొదలు’ ట్యాగ్ వాడితే ఒకదాని విలువ ఇంకోదాంట్లో కనబడుతుంది.

అభ్యాసం: 28ని 31 చేసి, యాప్ మూసి తెరవండి. మళ్లీ 28కే వచ్చేస్తుంది, దాన్ని మనం దాచలేదు కదా. రెండో ట్యాగుతో దాచి చూడండి. పాఠం 4లో పాత తేదీలన్నీ లిస్టులో పెట్టి సగటు తీద్దాం.