ఇంటి నెట్‌వర్క్ – 4వ పాఠం: పింగ్ ఒకవైపే వెళ్తుంటే

పోయిన పాఠంలో రెండు కంప్యూటర్లనూ ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్ (‘ఉన్నావా?’ అని నెట్‌వర్క్ మీద పంపే చిన్న పలకరింపు) కొట్టి చూడమన్నాను. చాలామందికి అది ఒకవైపే వెళ్లింది. ఇవాళ మొదలుపెట్టాల్సిన ఫోల్డర్ షేరింగ్ అందుకే వచ్చే పాఠానికి జరిగింది. పింగ్ సంగతి తేలకుండా ఫోల్డర్ జోలికెళ్తే తప్పు ఎక్కడుందో పట్టుకోలేం.

ముందు వచ్చిన జవాబును పూర్తిగా చదవండి. ‘పింగ్ రాలేదు’ అంటే నాకేమీ అర్థం కాదు. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని మీ సొంత ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే అంకెల చిరునామా) నుంచే వస్తే, అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో దొరకనేలేదన్నమాట. స్లీప్‌లోకి వెళ్లి ఉండొచ్చు, ఐపీ మారి ఉండొచ్చు, గెస్ట్ వైఫైకి తగులుకుని ఉండొచ్చు. గెస్ట్ వైఫై ఇంటర్నెట్ ఇస్తుంది కానీ, పక్క కంప్యూటర్‌తో మామూలుగా మాట్లాడనివ్వదు.

‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ వస్తే వెంటనే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఏఆర్‌పీ -ఏ’ (arp -a) కొట్టండి, మీ నెట్‌వర్క్‌లో ఈ కంప్యూటర్‌కి తగిలినవాటి జాబితా వస్తుంది. ఆ జాబితాలో అవతలి ఐపీ, దాని పక్కన ఆరు జతల మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఉంటే కేబులూ వైఫై రెండూ బాగున్నట్టే, అడ్డుపడుతున్నది దాదాపుగా ఫైర్‌వాలే, అంటే బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా ప్రోగ్రామే. దాన్ని మొత్తంగా ఆపేయొద్దు. జవాబివ్వని కంప్యూటర్లో ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే చాలు. బయట కొన్న యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు, అదీ చూడండి.

జాబితాలో ఆ ఐపీ లేకపోతే అసలు గొడవ చాలావరకు రెండో రౌటర్. పడగ్గదిలోకి సిగ్నల్ రావట్లేదని ఇంకో రౌటర్ కొంటారు. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె నుంచి కేబుల్ తెచ్చి దాని వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైపు రంధ్రం) గుచ్చుతారు. ఇంటర్నెట్ వచ్చేస్తుంది కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటారు. లేదు, ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారయ్యాయి. రెండు కంప్యూటర్లలోనూ ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొట్టి డిఫాల్ట్ గేట్‌వే, అంటే ఆ కంప్యూటర్ వాడుతున్న రౌటర్ ఐపీ, చూడండి. హాల్లో 192.168.1.1, పడగ్గదిలో 192.168.0.1 ఉంటే దొంగ దొరికినట్టే.

పడగ్గది ల్యాప్‌టాప్ 192.168.0.10 నుంచి హాల్లోని 192.168.1.10కి పింగ్ కొడితే, రెండో రౌటర్ దాన్ని తన సొంత ఐపీతో బయటికి పంపి, వచ్చిన జవాబును ల్యాప్‌టాప్‌కి అందిస్తుంది. హాల్లోంచి 192.168.0.10కి కొడితే మొదటి రౌటర్‌కి ఆ 0 నెట్‌వర్క్ ఉందనే తెలియదు. ఆ ప్యాకెట్‌ను ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది, అక్కడ అది పోతుంది. ఫైర్‌వాల్‌తో ఎంత కుస్తీ పట్టినా ఇది తీరదు. రెండు వైఫైలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టినవాళ్లకైతే మరీ కష్టం: ల్యాప్‌టాప్ గది మారినప్పుడల్లా నెట్‌వర్క్ మారుతుంది, ఉదయం పనిచేసింది సాయంత్రం చేయదు.

బాగుచేయడానికి వరుస ముఖ్యం. రెండో రౌటర్ నుంచి వ్యాన్ కేబుల్ పీకేయండి. ల్యాప్‌టాప్‌ను దానికే కేబుల్‌తో కలిపి సెట్టింగ్స్ పేజీలో ముందు డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీలు పంచే పని) ఆపండి, తర్వాత ల్యాన్ ఐపీని, అంటే ఇంటి వైపు రౌటర్‌కున్న ఐపీని, 192.168.1.2కి మార్చండి. ఈ అంకె మొదటి రౌటర్ పంచే డీహెచ్‌సీపీ వరుసకు బయట ఉండాలి. సేవ్ అయ్యాక హాల్లోంచి వచ్చే కేబుల్‌ను ఏదైనా ల్యాన్ పోర్టులో గుచ్చండి, వ్యాన్ ఖాళీగానే ఉండనివ్వండి. చివరగా కంప్యూటర్లో ‘ఐపీకాన్ఫిగ్ /రెన్యూ’ (ipconfig /renew) కొట్టి కొత్త ఐపీ తీసుకోండి. ముందే కేబుల్ గుచ్చితే రెండు రౌటర్లూ ఐపీలు పంచుతాయి, ఎవరిది ఎవరికి వెళ్లిందో తేల్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. నాకు మాత్రం చేత్తో చేయడమే ఇష్టం, రౌటర్ పేజీ ఏ ఐపీలో తెరుచుకుంటుందో ముందే తెలిసి ఉంటుంది. ఆ అంకెను రౌటర్ అడుగున టేపు మీద రాసి అంటించండి.

అభ్యాసం: ఇంట్లోని ప్రతి కంప్యూటర్ ఐపీ, గేట్‌వే, మ్యాక్ ఒక కాగితం మీద రాసి, ప్రతి జతనూ రెండు వైపులా పింగ్ కొట్టండి. నాలుగుంటే 12 పింగులు. ప్రింటర్‌కి ఒకవైపే చాలు. వచ్చేసారికి విండోస్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ వెతికి పెట్టుకోండి, షేర్ చేసిన ఫోల్డర్‌కి పిన్ పనికిరాదు.