ఫ్రాక్టల్ ఫ్లేమ్ చిత్రం మసకబారకుండా రావాలంటే

1992లో స్కాట్ డ్రేవ్స్ రూపొందించిన ఫ్రాక్టల్ ఫ్లేమ్ (గణిత సూత్రాలతో జ్వాలల్లాంటి చిత్రాలు తయారుచేసే) పద్ధతిలో కంప్యూటర్ గీతలు గీయదు. ఒక బిందువును తీసుకొని, మనం ఇచ్చిన సూత్రాల్లో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకొని దాన్ని మరో చోటికి పంపుతుంది. అక్కడి నుంచి ఇంకో చోటికి. కోట్లసార్లు ఇలా జరిగాక, ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని బిందువులు పడ్డాయో లెక్కగట్టి, ఆ సంఖ్య లాగరిథమ్‌ను బట్టి వెలుగును నిర్ణయిస్తుంది. అందువల్ల చిత్రం మసకగా వచ్చినప్పుడు ఫొటోషాప్‌లో పదును పెట్టబోయే ముందు, ఆ మసక ఎక్కడ పుట్టిందో తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది ఇలాంటి చిత్రాలు చేయడానికి ఉచితంగా దొరికే అపోఫిసిస్ అనే ప్రోగ్రామ్ గురించి.

చాలాసార్లు లోపం రెండరింగ్‌లో (చివరి చిత్రాన్ని తయారుచేసే దశలో) కాక ఆకారంలోనే ఉంటుంది. ఎడిటర్‌లో కనిపించే ప్రతి త్రిభుజం ఒక ట్రాన్స్‌ఫార్మ్, అంటే పైన చెప్పిన సూత్రాల్లో ఒకటి. ఆ సూత్రం బిందువులను కదిలించే తీరే వేరియేషన్. లీనియర్ వేరియేషన్ ఉన్న త్రిభుజాన్ని మూల త్రిభుజం కంటే చిన్నదిగా చేస్తే, మొత్తం ఆకారానికి కుదించిన నకలు అక్కడ ఏర్పడి అంచులు తేటగా వస్తాయి. స్ఫెరికల్ వేరియేషన్ అలా కాదు. అది కేంద్రానికి దగ్గరగా ఉన్న బిందువులను దూరంగా విసిరేస్తుంది. అందమైన వంపులు దానివల్లే వస్తాయి, కానీ దాని వెయిట్ (ఆ సూత్రం ఎంపికయ్యే అవకాశం) పెంచుకుంటూ పోతే బిందువులు చిత్రమంతా చెదిరి పొగలా పరచుకోవచ్చు. కాబట్టి స్ఫెరికల్ ఉన్న ట్రాన్స్‌ఫార్మ్ వెయిట్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, లీనియర్ ఉన్నదాని వెయిట్ పెంచుతూ ప్రివ్యూ గమనించండి. పొగ విడిపోయి, లోపలి మెలికలు బయటపడే చోట ఆగండి. బ్లర్ పేరున్న వేరియేషన్లను కావాలని తప్ప వాడకపోవడమే మేలు.

ఆకారం కుదిరాక కూడా చిత్రం పలచగా చల్లిన ముగ్గుపిండిలా రవ్వరవ్వగా ఉంటే, బిందువులు చాలలేదన్నమాట. క్వాలిటీ అంటే పిక్సెల్‌కు సగటున ఎన్ని నమూనాలు, అంటే బిందువులు, అన్నది. 1920×1080 చిత్రానికి 500 పెడితే వంద కోట్లు దాటుతాయి. రవ్వ సగానికి తగ్గాలంటే క్వాలిటీని నాలుగింతలు చేయాలి గనుక, ఓపికకూ ఒక హద్దు పెట్టుకోక తప్పదు. గామా (మసక భాగాల వెలుగును సర్దే అమరిక) ఎక్కువైతే పలచని ప్రాంతాలు వెలిగి ఆ రవ్వ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు గామాను తగ్గించి చూడండి, సమయం చాలా ఆదా అవుతుంది.

చిత్రాన్ని దగ్గరకు తెచ్చుకోవడానికి స్కేల్, జూమ్ రెండూ ఉన్నాయి. స్కేల్ పెంచితే నమూనాల సంఖ్య పెరగదు, చాలా బిందువులు చట్రం బయట పడి వృథా అవుతాయి. జూమ్ ఒక్క మెట్టు పెంచితే నమూనాలు నాలుగింతలవుతాయి. నెమ్మదే అయినా సాంద్రత నిలుస్తుంది.

అంచులు మెట్లుమెట్లుగా కనిపించకుండా ఉండడానికి ఓవర్‌శాంపుల్ (ఒక్కో పిక్సెల్‌ను మరింత చిన్న గడులుగా లెక్కించడం) 2 చాలు. అప్పుడే మెమరీ అవసరం నాలుగు రెట్లవుతుంది, 3 పెడితే తొమ్మిది రెట్లు. అంచులను మెత్తబరిచే ఫిల్టర్ రేడియస్‌ను 0.4 దగ్గర మొదలుపెట్టి, మెత్తబడినట్టు అనిపిస్తే తగ్గించండి. ఫలితాన్ని పీఎన్‌జీగా దాచండి. జేపెగ్ కుదింపులో సన్నని పోగులే ముందు చెడిపోతాయి. సూత్రాలూ అమరికలూ ఉండే ఫ్లేమ్ ఫైలును కూడా విడిగా భద్రపరిస్తే, పెద్ద పరిమాణం కావలసినప్పుడు ఉన్న బొమ్మను సాగదీయకుండా మళ్లీ రెండర్ చేసుకోవచ్చు.