కారణాంక విభజన నేర్చుకుందాం – 4వ పాఠం: మధ్యపదాన్ని విడదీయడం

ముందుగా 3వ పాఠం చివర ఇచ్చిన లెక్కల జవాబులు చూద్దాం.

xy + 3x + 2y + 6 ని జతలుగా తీసుకుంటే x(y + 3) + 2(y + 3). అంటే (y + 3)(x + 2). ఇది చాలామందికి వచ్చే ఉంటుంది.

రెండోది 6ab − 9a − 4b + 6. మొదటి జతలోంచి 3a బయటికి తీస్తే 3a(2b − 3). రెండో జతలోంచి 2 తీస్తే 2(−2b + 3) వస్తుంది, బ్రాకెట్లు కలవవు. అందుకే −2 తీయాలి: −2(2b − 3). మైనస్ బయటికి వచ్చిందంటే లోపల ఉన్న ప్రతి గుర్తూ మారుతుంది. జవాబు (2b − 3)(3a − 2). ఈ లెక్క తప్పినవాళ్ళు దయచేసి ఇంకోసారి చేసి, ఆ తర్వాతే ముందుకు రండి. ఇవాళ్టి పాఠంలో అడుగడుగునా ఆ మైనస్‌తోనే పని.

ఇక కొత్త సంగతి. జతలుగా విడదీయాలంటే నాలుగు పదాలు కావాలి. కానీ తొమ్మిది, పది తరగతుల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి x² + 8x + 15 లాంటి వర్గ బహుపదులు. వాటికి ఉన్నవి మూడే పదాలు. మరి నాలుగోది ఏమైనట్టు?

(x + 3)(x + 5) ని గుణించి చూడండి. సజాతి పదాలను మాత్రం ఇప్పుడే కలపకండి.

x² + 5x + 3x + 15

నాలుగు పదాలూ ఇక్కడే ఉన్నాయి. 5x, 3x ని కలిపేసి 8x అని రాసింది మనమే. కాబట్టి కారణాంక విభజనలో మనం చేయాల్సిన పని ఒక్కటే: ఆ 8x ఏ రెండు పదాలు కలిస్తే వచ్చిందో కనుక్కుని, వాటిని మళ్ళీ విడివిడిగా రాయడం. అది దొరికాక మిగిలింది 3వ పాఠమే.

ఆ రెండు సంఖ్యల గురించి మనకు రెండు విషయాలు తెలుసు. కలిపితే 8, గుణిస్తే 15. అయితే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది పిల్లలు మొత్తంతో మొదలుపెడతారు: 1, 7... 2, 6... ఇలా. మైనస్ సంఖ్యలు కూడా వస్తాయనుకుంటే (9, −1), (10, −2) అంటూ ఈ వరుసకు అంతే ఉండదు. లబ్ధంతో మొదలుపెట్టండి. 15కి ఉన్న జతలు రెండే: 1 × 15, 3 × 5. ఎప్పుడూ లబ్ధం జతలు రాసి, వాటిలో మొత్తం సరిపోయేది ఏదో చూడండి.

x² + 11x + 24 తీసుకుందాం. 24కి జతలు: 1 × 24, 2 × 12, 3 × 8, 4 × 6. ఆ తర్వాత 6 × 4 వస్తుంది, అంటే జతలు తిరగబడ్డాయి, ఆపేయవచ్చు. మొత్తం 11 ఇచ్చేది 3, 8.

x² + 3x + 8x + 24
= x(x + 3) + 8(x + 3)
= (x + 3)(x + 8)

గుర్తుల విషయానికి వద్దాం. ఈ నాలుగింటినీ మీ నోట్సులో ఒకదాని కింద ఒకటి రాసుకోండి.

x² + 7x + 12 = (x + 3)(x + 4)
x² − 7x + 12 = (x − 3)(x − 4)
x² + x − 12 = (x + 4)(x − 3)
x² − x − 12 = (x − 4)(x + 3)

నాలుగింటిలోనూ అవే 3, 4. మారింది గుర్తులే. చివరి పదం ప్లస్ అయితే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు ఉంటుంది, అది మధ్యపదం గుర్తే. చివరి పదం మైనస్ అయితే రెండింటికీ వేర్వేరు గుర్తులు, వాటిలో పెద్ద సంఖ్యకు మధ్యపదం గుర్తు వస్తుంది. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు. రెండు సంఖ్యల లబ్ధం ఎప్పుడు ప్లస్ అవుతుంది, ఎప్పుడు మైనస్ అవుతుంది అన్నది ఏడో తరగతి నాటికే మీకు తెలుసు.

ఇప్పటిదాకా x² ముందు 1 ఉంది. అది 1 కానప్పుడే అసలు టెన్షన్ మొదలవుతుంది. 6x² + 19x + 10 చూడండి. క్లాసులో చెప్పే పద్ధతి ఇది: మొదటి గుణకాన్ని, స్థిరపదాన్ని గుణించు, 6 × 10 = 60. లబ్ధం 60, మొత్తం 19 వచ్చే జత వెతుకు. 60కి జతలు రాస్తూ పోతే 4, 15 దగ్గర 19 వస్తుంది.

6x² + 15x + 4x + 10
= 3x(2x + 5) + 2(2x + 5)
= (2x + 5)(3x + 2)

లెక్క వచ్చింది. కానీ ఆ 6నీ 10నీ ఎందుకు గుణించాం? ఈ ప్రశ్న అడగకుండానే పదో తరగతి దాటేసేవాళ్ళు ఎందరో. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. కారణం తెలియకపోతే ఈ పద్ధతి వేసవి సెలవుల తర్వాత గుర్తుండదు. తెలిస్తే మర్చిపోయినా మీరే మళ్ళీ తయారుచేసుకోగలరు.

జవాబు నుంచి వెనక్కి వెళ్దాం. (2x + 5)(3x + 2) ని గుణిస్తే:

మొదటి పదం 2 × 3, అంటే 6
మధ్యలో ఒకటి 2 × 2, అంటే 4
మధ్యలో రెండోది 5 × 3, అంటే 15
చివరి పదం 5 × 2, అంటే 10

మధ్యలో వచ్చిన రెండింటినీ గుణించండి: 2 × 2 × 5 × 3. మొదటిదీ చివరిదీ గుణించండి: 2 × 3 × 5 × 2. రెండు చోట్లా అవే నాలుగు సంఖ్యలు, వరుస మాత్రమే వేరు. కాబట్టి రెండు లబ్ధాలూ 60 కాక తప్పదు.

అక్షరాలతో రాస్తే ఇది ఏ బహుపదికైనా వర్తిస్తుందని తెలుస్తుంది. (px + q)(rx + s) ని గుణిస్తే prx² + psx + qrx + qs. మధ్యలోని రెండు గుణకాల లబ్ధం ps × qr. చివర్ల లబ్ధం pr × qs. రెండూ pqrs. అందుకే మనం వెతికే జత లబ్ధం ఎప్పుడూ మొదటి గుణకం, స్థిరపదాల లబ్ధానికి సమానం. x² ముందు 1 ఉన్నప్పుడు 1 × 15 కూడా 15 కాబట్టి ఆ గుణకారం మన కంటికి కనిపించలేదు, అంతే.

ఇంకో సందేహం కూడా వస్తుంది. 15x ముందు రాయాలా, 4x ముందు రాయాలా? ఏదైనా ఒకటే. 6x² + 4x + 15x + 10 అని రాస్తే 2x(3x + 2) + 5(3x + 2) వచ్చి, అదే జవాబు దగ్గరికి చేరతాం. బ్రాకెట్లు కలవలేదంటే వరుస తప్పని కాదు. జత అయినా తప్పి ఉంటుంది, గుర్తయినా తప్పి ఉంటుంది.

ఒక చిన్న జాగ్రత్త. 5x² − 49x − 10 లో లబ్ధం −50, జత −50, 1.

5x² − 50x + x − 10
= 5x(x − 10) + 1(x − 10)
= (x − 10)(5x + 1)

రెండో జతలో బయటికి తీయడానికి ఏమీ లేనట్టు కనిపిస్తుంది. అక్కడ ఉన్నది 1. దాన్ని రాయకుండా వదిలేస్తే జవాబు (x − 10)(5x) అయిపోతుంది. 1 రాయడం అలవాటు చేసుకోండి.

అసలు ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఉమ్మడి కారణాంకం ఉందేమో చూడాలని 2వ పాఠంలో చెప్పుకున్నాం. 12x² + 42x + 18 ని నేరుగా విడదీస్తే లబ్ధం 216, జత 36, 6. చివరికి (x + 3)(12x + 6) వస్తుంది. ఇది తప్పు కాదు కానీ పూర్తికాలేదు, 12x + 6 లో ఇంకా 6 ఉండిపోయింది. ముందే 6 తీసేస్తే 6(2x² + 7x + 3), లబ్ధం 6 మాత్రమే, జత 6, 1. జవాబు 6(x + 3)(2x + 1). అలాగే x² ముందు మైనస్ ఉంటే ముందు −1 బయటికి తీయండి: 15 − 2x − x² = −(x² + 2x − 15) = −(x + 5)(x − 3).

ఇప్పుడు పెద్ద సంఖ్యల సంగతి. 12x² − x − 35. లబ్ధం −420. 420కి పన్నెండు జతలున్నాయి, అన్నీ రాస్తూ కూర్చుంటే పరీక్షలో టైమ్ సరిపోదు. కొంచెం ఆలోచించండి. గుర్తులు వేర్వేరు, రెండు సంఖ్యల మధ్య తేడా 1 మాత్రమే. అంటే రెండూ దాదాపు సమానం, కాబట్టి 420 వర్గమూలం దగ్గర వెతకాలి. 20 × 20 = 400, 21 × 21 = 441. 20 × 21 = 420, దొరికింది. మధ్యపదం మైనస్ కాబట్టి −21, 20.

12x² − 21x + 20x − 35
= 3x(4x − 7) + 5(4x − 7)
= (4x − 7)(3x + 5)

దీనికి పూర్తి వ్యతిరేకం ఇందాకటి 5x² − 49x − 10. అక్కడ 50 పక్కన మధ్యపదం 49 చాలా పెద్దది, అందుకే జత చివర్లో, అంటే 1, 50 దగ్గర దొరికింది. మధ్యపదం పెద్దదైతే చివర్ల నుంచి వెతకండి. చిన్నదైతే, స్థిరపదం మైనస్ అయి ఉంటే, వర్గమూలం దగ్గర నుంచి వెతకండి.

ఎంత వెతికినా జత దొరకకపోతే? x² + 5x + 3 చూడండి. 3కి ఉన్న జత 1, 3 ఒక్కటే, మొత్తం 4. కాబట్టి పూర్ణసంఖ్యలతో ఇది విడిపోదు. ఇక్కడ జతలు తక్కువ కాబట్టి వెంటనే తెలిసింది. 420 లాంటి లబ్ధంతో ఎలా తెలుస్తుంది?

మనం వెతికే సంఖ్యలు m, n అనుకుందాం. బహుపది ax² + bx + c. m + n = b, mn = ac. మీకు తెలిసిన సర్వసమీకరణమే:

(m − n)² = (m + n)² − 4mn = b² − 4ac

m, n పూర్ణసంఖ్యలైతే వాటి తేడా కూడా పూర్ణసంఖ్యే, దాని వర్గం ఖచ్చిత వర్గం. కాబట్టి b² − 4ac ఖచ్చిత వర్గం కాకపోతే వెతకడం మానేయవచ్చు, జత లేదు. x² + 5x + 3 కి 25 − 12 = 13. ఖచ్చిత వర్గం కాదు.

ఖచ్చిత వర్గమైతే ఇంకా మంచి సంగతి, జత వెతకాల్సిన పనే లేదు. 12x² − x − 35 కి b² − 4ac = 1 + 1680 = 1681, అది 41 వర్గం. అంటే m − n = 41, m + n = −1. రెండూ కలిపితే 2m = 40, m = 20, n = −21. పన్నెండు జతల్లో ఒక్కటీ రాయకుండానే జవాబు వచ్చేసింది.

ఈ b² − 4ac నే పదో తరగతిలో విచక్షణి అంటారు. వర్గ సమీకరణాన్ని నాలుగు రెట్ల a తో గుణించి, రెండు వైపులా b² కలిపి వర్గం చేసే పద్ధతిని ప్రాచీన భారతీయ గణితవేత్త శ్రీధరాచార్యుడు చెప్పాడు. ఆయన రాసిన బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆ సూత్రాన్ని ఉదహరించడం వల్ల అది మనదాకా వచ్చింది. ఆ నాలుగు రెట్లు ఎందుకో మీకు ఇప్పుడు కొంత అర్థమై ఉండాలి: మన (m − n)² లో వచ్చిన 4, సూత్రంలోని ఆ 4 ఒకటే.

జవాబు సరిచూసుకోవడానికి తిరిగి గుణించడమే సరైన దారి. టైమ్ లేనప్పుడు x = 1 పెట్టి చూడండి. 6x² + 19x + 10 లో 6 + 19 + 10 = 35. (2x + 5)(3x + 2) లో 7 × 5 = 35. రెండూ కలవకపోతే లెక్క తప్పినట్టే. కలిసినంత మాత్రాన ఒప్పేనని అనుకోకండి, తప్పు జవాబు కూడా ఒక్కోసారి 1 దగ్గర సరిపోతుంది. అనుమానంగా ఉంటే x = 2 కూడా పెట్టండి.

అభ్యాసం. పుస్తకం మూసి, కాగితం మీద చేయండి.

1) x² + 13x + 36
2) x² − 5x − 36
3) 8x² + 22x + 15
4) 10x² − x − 21
5) 18x² − 39x + 18
6) 6 + x − 2x²
7) x² + 6x + 4 విడిపోతుందా? జతలు రాయకుండా చెప్పండి.
8) 3x² + kx + 4 పూర్ణసంఖ్యలతో విడిపోవాలంటే k కి ఏయే ధన పూర్ణసంఖ్యలు సరిపోతాయి?

ఎనిమిదోది మిగతావాటిలా కాదు. ఇన్నాళ్ళూ బహుపది ఇస్తే జత వెతికారు, ఇక్కడ జతల నుంచి బహుపదిని కట్టాలి. దానికి కొంచెం ఎక్కువ సేపు ఇవ్వండి.

5వ పాఠంలో సర్వసమీకరణాలతో కారణాంక విభజన చూద్దాం. ఈలోగా ఇంకో రెండు ప్రయత్నించండి. x² − 49 లో మధ్యపదం లేదు కదా, దాన్ని 0x అనుకుని ఇవాళ్టి పద్ధతిలోనే విడదీయండి. 4x² + 20x + 25 కి జత కనుక్కుని, ఆ రెండు సంఖ్యలను చూడండి. మీకు కనిపించినదాన్ని నోట్సులో రాసి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.