సంఘానికి దూరమైన వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలి

మొదట బుధవారం ప్రార్థన కూడికకు రారు, తర్వాత ప్రభువు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు కూడా కనపడరు, కొన్నాళ్లకు ఎవరో ఒకరు "వాళ్లు లోకంలో కలిసిపోయారులే" అనేస్తారు, ఇక ఆ ఇంటి పేరే ఎవరూ ఎత్తరు. ఆ మాట నాకు అస్సలు మింగుడుపడదు. బైబిల్లో లూకా 15లో కాపరి 99 గొర్రెల్ని విడిచి, తప్పిపోయిన ఒక్కదాని కోసం అది దొరికేదాకా వెదికాడు కదా.

ముందు ఒక్కరి పేరు తీసుకోండి, పెద్ద లిస్టు వద్దు. ఆ పేరు పెట్టి కొన్నాళ్లు ప్రార్థన చేశాకే ఫోన్ చేయండి. "ఆదివారం ఎందుకు రావట్లేదమ్మా?" అని మొదలుపెట్టారో, జ్వరమనో డ్యూటీ అనో చెప్పి పెట్టేస్తారు, మళ్లీ మీ నంబర్ చూస్తే ఎత్తరు. "వందనాలు వదినా, అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? సాయంత్రం అటు వస్తున్నా, ఒకసారి చూసి వెళ్లనా?" అంటే చాలు. వద్దంటే సరే అనండి, కొన్నాళ్లాగి మళ్లీ పలకరించండి.

వెళ్లేది ఒకరో ఇద్దరో అయితే మంచిది, స్త్రీల దగ్గరికి స్త్రీలే వెళ్లాలి. ఐదారుగురు బైబిళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడితే వీధంతా చూస్తుంది, ఆ ఇంటివాళ్లకు తల కొట్టేసినట్టుంటుంది.

కూర్చున్నాక వినండి. ఎమ్మాయు అనే ఊరికి నిరాశతో నడిచి వెళ్తున్న ఇద్దరు శిష్యులతో యేసు ఏం చేశాడో లూకా 24లో చూడండి: తిరిగి లేచిన ప్రభువే పక్కన నడుస్తున్నాడు, నేనేనని ఒక్క మాట అంటే అయిపోయేది, అయినా ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్ల నిరాశంతా వాళ్ల నోటే చెప్పనిచ్చాడు, వాక్యం ఆ తర్వాతే విప్పాడు. మీకూ రకరకాల కారణాలు వినపడతాయి. అప్పులు, కూతురి పెళ్లి విషయంలో సంఘంలో ఎవరో అన్న మాట, ఎంత ప్రార్థన చేసినా దక్కని బిడ్డ. ఆ తల్లితో వెంటనే "దేవుని చిత్తం అమ్మా" అనకండి, దయచేసి. చనిపోయిన లాజరును కాసేపట్లో బ్రతికించి లేపబోతూ కూడా యేసు ఏడ్చాడు. ఉద్యోగం వస్తుందని, రోగం తగ్గుతుందని మనం మాట ఇవ్వలేం. క్రీస్తు లేచాడు కాబట్టి ఆ బిడ్డను మళ్లీ చూస్తామని మాత్రం చెప్పగలం, అదీ ఆమె అడిగినప్పుడు. మన నిరీక్షణ, అంటే మనకున్న ఆశ గురించి అడిగేవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు రాసింది ఇలాంటి చోట్ల కోసమే.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే ప్రార్థన చేసి వచ్చేయకండి. వాళ్లను ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మకస్తులకు చెప్పండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

బియ్యమో స్కూలు ఫీజో ఇవ్వగలిగితే ఇవ్వండి, కానీ దాన్ని చర్చికి రావడంతో ముడిపెట్టకండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు, కానీ కూడు కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంకో సంగతి, అక్కడ విన్నది వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెట్టకండి. పేరు రాయకపోయినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

ఏదో ఒక ఆదివారం వాళ్లు వస్తారు, రాకపోయినా మీ పలకరింపు ఆపకండి. వచ్చిన రోజు "ఇన్నాళ్లకు దారి తెలిసిందా" అని ఎవరూ అనకుండా చూడండి, సాక్ష్యం చెప్పమని ముందుకు పిలవొద్దని పాస్టర్ గారికి ముందే చెప్పి పెట్టండి. తప్పిపోయిన కొడుకు దారంతా కూర్చుకున్న క్షమాపణ పూర్తి కాకముందే తండ్రి మంచి బట్టలు తెమ్మన్నాడు. మీరు పక్కన చాప మీద కూర్చోండి, పాటల పుస్తకం పంచుకోండి, ఆరాధన అయ్యాక భోజనానికి ఇంటికి తీసుకెళ్లండి.