పార్టిషన్ చేసే ముందు ఇవి చూసుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, మా విజయనగరంలో కూడా చాలామంది పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ (మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని చూస్తున్నారు. అందుకు డిస్క్‌ని ముక్కలుగా విడగొట్టాలి, అదే పార్టిషన్. ఈ ఆదివారం ఆ పని పెట్టుకున్నవాళ్ల కోసం ఇది.

– బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండాలి. డీ డ్రైవ్‌లో కాపీ పెట్టి ధైర్యంగా ఉంటారు చాలామంది, కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లోని ముక్కలు, పొరపాటున మొత్తం డిస్క్ ఫార్మాట్ అయితే రెండూ కలిసే పోతాయి, పిల్లల ఫొటోలు మళ్లీ రావు. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి, దయచేసి.

– బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ (కంప్యూటర్ మొదలయ్యే) సెట్టింగ్ మారితే అడగొచ్చు, అది లేకపోతే మీ డేటా మీకే తెరుచుకోదు.

– తుపాను హెచ్చరిక ఉన్న రోజు వద్దు. పార్టిషన్ జరుపుతుండగా కరెంటు పోతే అందులోని ఫైళ్లు పాడవొచ్చు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి.

– సీ డ్రైవ్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే తగ్గించండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు.

– లినక్స్‌లో డిస్క్‌లకు వచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు మారుతుంటాయి, సైజు చూసి డిస్క్ ఎంచుకోండి.

– ఈఎఫ్ఐ పార్టిషన్ చిన్నదే కదా అని చెరపొద్దు, బూట్ అయ్యేది అక్కడినుంచే.

– మ్యాక్‌లో రెండో మ్యాక్ ఓఎస్ కోసమైతే వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఏపీఎఫ్ఎస్ (మ్యాక్ ఫైళ్లు దాచే పద్ధతి) వాల్యూమ్ చాలు, ఖాళీ జాగా అదే పంచుకుంటుంది.